దాచిన పాపానికి కాపలా కాసేదెవరు?

2020 మే నెలాఖరున అమెరికాలోని అట్లాంటా నగరంలో ఒక స్మారక సభ జరిగింది. ఆ దేశపు అప్పటి ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ స్వయంగా హాజరై నివాళి అర్పించారు. మరణించిన వ్యక్తి 1946లో మద్రాసులో పుట్టి, ఢిల్లీలో పెరిగి, ఇరవయ్యో ఏట కెనడాకు వలస వెళ్లిన భారతీయుడు. పేరు రవి జకారియాస్. నాస్తికులతో, సందేహవాదులతో, విశ్వవిద్యాలయాల విద్యార్థులతో వాదించి, క్రైస్తవ విశ్వాసాన్ని తర్కంతో సమర్థించడం ఆయన జీవితకాలపు వ్యాసంగం. 1984లో తన పేరిటే స్థాపించిన సంస్థ కాలక్రమంలో పలు ఖండాలకు విస్తరించింది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంగ్లీషు మీడియం చదువుకున్న క్రైస్తవ యువకుడు తోటి విద్యార్థుల ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ యూట్యూబ్ తెరిస్తే ఎదురయ్యే ముఖాల్లో ఆయనదీ ఒకటి. తమ వంటి రంగు, తమ వంటి పేరు ఉన్న మనిషి పాశ్చాత్య విశ్వవిద్యాలయాల వేదికలపై తడబాటు లేకుండా మాట్లాడటం ఆ యువకుడికి విశ్వాసంతోపాటు ఆత్మగౌరవాన్నీ ఇచ్చింది.

ఆ సభ జరిగిన తొమ్మిది నెలలకు, 2021 ఫిబ్రవరిలో, ఆ సంస్థే నియమించిన న్యాయవాదుల నివేదిక బయటికి వచ్చింది. ఉన్నవి పన్నెండు పేజీలే. అట్లాంటా ప్రాంతంలో జకారియాస్‌కు భాగస్వామ్యమున్న స్పాలలో మసాజ్ చేసే మహిళలతో ఆయన ఏళ్ల తరబడి లైంగికంగా అనుచితంగా ప్రవర్తించాడని ఆ నివేదిక తేల్చింది. ఆయన ఫోన్లలో రెండు వందలకు పైగా మసాజ్ చేసేవారి నంబర్లు, రెండు వందలకు పైగా మహిళల ఫొటోలు దొరికాయి. పేదలకూ ఆర్తులకూ సాయం కోసమంటూ దాతలు ఇచ్చిన నిధిలో గణనీయమైన భాగం, ఒకప్పుడు ఆయనకు మసాజ్ చేసిన నలుగురు మహిళలకు చేరినట్టు లెక్కలు చూపాయి. ఒక మహిళ చెప్పిన వివరాలు అత్యాచారానికి తక్కువైనవి కావు.

ఆ నివేదికలో అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ మహిళ చెప్పిన మరో విషయం. ఆయన మొదట ఆమెకు సంస్థ నిధుల నుంచి ఆర్థిక సహాయం ఏర్పాటు చేశాడు. తరువాత శరీరాన్ని కోరాడు. జీవితమంతా దేవుని సేవ చేసినందుకు తనకు దక్కిన ప్రతిఫలమే ఆమె అని నమ్మబలికాడు. చివరకు ఒక హెచ్చరిక చేశాడు. ఈ సంగతి బయటపెట్టి తన ప్రతిష్ఠకు మచ్చ తెస్తే, తన వల్ల రక్షణ పొందవలసిన లక్షల ఆత్మలు నశిస్తాయనీ, ఆ నష్టానికి ఆమే బాధ్యురాలనీ చెప్పాడు. పాపం చేసింది ఒకరు; దాని మూటను నెత్తిన మోయమని చెప్పింది మరొకరికి. ఆ మూటకు కట్టిన గుడ్డ సువార్త.

ప్రసంగ పీఠాల మీద నుంచి రహస్యపాపం గురించి వినిపించే బోధ సాధారణంగా ఒకే తీరున సాగుతుంది. పాపం మనిషి గుండెలో దాగి ఉంటుంది, దేవుడు దానిని చూస్తాడు, దాచినవాడు లోలోపల ఎండిపోతాడు, ప్రార్థన నిస్సారమవుతుంది, ఒకనాటికి అంతా బట్టబయలవుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఈ బోధలో పాత్రలు ఇద్దరే: పాపి, దేవుడు. దెబ్బ తిన్న మనిషికి అందులో చోటు లేదు. ఆ దెబ్బను చూసి కూడా మాట్లాడని మనుషులకూ చోటు లేదు. ఏ రహస్యమూ ఒంటరిగా బతకదు. దాచడానికి తలుపు కావాలి, తాళం కావాలి, తాళంచెవి పట్టుకునే నమ్మకస్తుడు కావాలి. రహస్యపాపపు అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. అది మంచివాళ్లను కాపలాదారులుగా మారుస్తుంది.

బైబిలు గాథలు ఈ సంగతిని బోధకుల కంటే స్పష్టంగానే చెప్పాయి. యెహోషువ గ్రంథంలోని ఆకాను కథ రహస్యపాపానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. యెరికో పతనానంతరం నిషిద్ధమైన దోపుడు సొమ్ములోంచి ఒక విలువైన వస్త్రాన్నీ, కొంత వెండినీ, ఒక బంగారు కమ్మీనీ అతడు తీసి తన గుడారం నేలలో పాతిపెట్టాడు. ఆ తరువాత హాయి అనే చిన్న పట్టణం మీద జరిగిన యుద్ధంలో ఇశ్రాయేలీయులు ఓడిపోయారు. బోధకులు ఆకాను లోభం గురించీ, అతనికి పడిన కఠిన శిక్ష గురించీ గంటల తరబడి మాట్లాడతారు. ఆ ఓటమిలో చనిపోయిన ముప్పై ఆరుగురి గురించి ఎవరూ మాట్లాడరు. వాళ్ల పేర్లు గ్రంథంలో లేవు. పాతిపెట్టిన బంగారం ఎక్కడుందో వాళ్లకు తెలియదు. అయినా మొదటి మూల్యం చెల్లించినది వాళ్లే.

దావీదు కథలో కాపలాదారు పేరు కూడా ఉంది. బత్షెబ విషయంలో చేసిన తప్పును కప్పిపుచ్చుకోవడానికి రాజు ఆమె భర్త ఊరియాను యుద్ధభూమి నుంచి పిలిపించాడు. ఆ ఎత్తు పారకపోవడంతో, అతడిని పోరు ముమ్మరంగా ఉన్నచోట నిలిపి వెనక్కి తగ్గమని సేనాపతి యోవాబుకు లేఖ రాశాడు. ఆ లేఖను ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. తన మరణశాసనాన్ని తానే మోసుకుపోయిన సైనికుడి చిత్రం ప్రపంచ సాహిత్యంలో మరచిపోలేనిది. అయితే రాజకీయాలను పరిశీలించేవారు ఇంకొకరిని కూడా చూడాలి: యోవాబు. అతడికి స్త్రీవ్యామోహం లేదు, ఊరియాతో పగ లేదు. లేఖ చదివి కారణం అడగకుండా పని పూర్తిచేశాడు. ఊరియాతోపాటు మరికొందరు సైనికులు కూడా అక్కడ చనిపోయారు. కబురు మోసుకెళ్లే దూతకు, రాజు కోపగించుకుంటే ఏ మాట చెప్పి శాంతింపజేయాలో కూడా నేర్పి పంపాడు. రాజధానులలో పనిచేసిన ఏ పాత్రికేయుడికైనా యోవాబు బాగా పరిచయస్థుడే. ప్రతి ముఖ్యమంత్రి కార్యాలయంలో, ప్రతి పార్టీ ప్రధాన కార్యాలయంలో అతడొకడుంటాడు.

జకారియాస్ సంస్థలోనూ యోవాబులున్నారు. వారిలో ఎక్కువమంది భక్తిపరులు. 2017లోనే కెనడాకు చెందిన ఒక మహిళ, తనను ఆయన ఆధ్యాత్మిక పరిచయం పేరుతో లోబరచుకుని అశ్లీల సందేశాలకూ చిత్రాలకూ ఒత్తిడి చేశాడని ఆరోపించింది. ఆయన ఆమె మీదా, ఆమె భర్త మీదా ఎదురు దావా వేశాడు. డబ్బు కోసం పన్నిన కుట్ర అన్నాడు. ఆ వ్యవహారం గోప్యతా ఒప్పందంతో ముగిసింది. ఒప్పందం ఆమె నోరు కట్టేసింది. ఆయన మాత్రం తన కథనాన్ని ప్రపంచానికి వినిపించుకున్నాడు. పాలకమండలి ఆయన మాటే నమ్మింది. లోపల ప్రశ్నలడిగిన ఉద్యోగులకు అనుమానపు చూపులే ఎదురయ్యాయి. నాలుగేళ్ల తరువాత అదే పాలకమండలి బహిరంగంగా క్షమాపణ చెబుతూ, ఆనాడు ఆమెను నమ్మకపోవడం తమ వైఫల్యమని ఒప్పుకుంది. అప్పటికి ఆయన సమాధిలో ఉన్నాడు. ఆయన పుస్తకాలను ప్రచురణకర్తలు ఉపసంహరించుకున్నారు. ఆమె మాత్రం ఆ నాలుగేళ్లూ విశ్వాసుల దృష్టిలో అబద్ధాలకోరుగా, వసూలుకు దిగిన మనిషిగా బతికింది. ఆ కాలాన్ని తిరిగివ్వడం ఏ క్షమాపణకూ సాధ్యం కాదు.

ఇది ఒక వ్యక్తి పతనమనీ, ఒక అమెరికా సంస్థ కథ అనీ అనుకోవడానికి వీలు లేదు. 2024 నవంబరులో ఆంగ్లికన్ సంఘానికి అధిపతి, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా చేశారు. కారణం జాన్ స్మిత్ అనే న్యాయవాది. ఇంగ్లండులో క్రైస్తవ యువజన శిబిరాలు నడిపిన ఆయన, పిల్లల పాపాలను శిక్షించి పవిత్రులను చేస్తానంటూ వారిని రక్తం కారేలా కొట్టేవాడు. ఇతరుల రహస్యపాపాలకు శిక్ష వేయడమే అతని రహస్యపాపం. 1982లోనే శిబిరాల పెద్దలకు ఒక అంతర్గత నివేదిక అందింది. పోలీసులకు చెప్పలేదు. బయటపెడితే దేవుని పనికి హాని కలుగుతుందని భావించామని ఆ పెద్దలలో ఒకరు తరువాత వివరించారు. స్మిత్ 1984లో జింబాబ్వే చేరి అక్కడా శిబిరాలు పెట్టాడు. అక్కడి నుంచి దక్షిణాఫ్రికాకు వెళ్లాడు. బాధితులు వందకు పైమాటేనని, వారిలో ఎక్కువమంది ఆఫ్రికా పిల్లలని తరువాతి విచారణ అంచనా వేసింది. విచారణకు నిలబడకుండానే అతడు 2018లో చనిపోయాడు. ఇంగ్లండులోని సంపన్న కుటుంబాల పరువు కాపాడటానికి దాచిన నేరం, అడిగే దిక్కులేని ఖండానికి ఎగుమతి అయింది. దాచిన పాపం ఎప్పుడూ పల్లం వైపే ప్రవహిస్తుంది.

ఈ రోగం క్రైస్తవుల సొంతం కాదు. గుర్మీత్ రామ్ రహీమ్‌కు 2017లో, ఆసారాంకు 2018లో శిక్షలు పడేదాకా వారి గడప తొక్కి ఆశీస్సులందుకున్న రాజకీయ నాయకుల జాబితా చిన్నదేమీ కాదు. మలయాళ సినీరంగంలో స్త్రీల దుస్థితిపై జస్టిస్ హేమ కమిటీ 2019 చివర ఇచ్చిన నివేదికను, ప్రగతిశీలమని చెప్పుకునే ప్రభుత్వమే 2024 ఆగస్టు దాకా బయటికి రానివ్వలేదు. ప్రతిచోటా వాదన ఒకటే. పార్టీ మనుగడ, ఉద్యమ ప్రతిష్ఠ, మతగౌరవం, పరిశ్రమ ప్రయోజనం. తేడా ఒక్కటే: తమ దేవుడు వెలుగులో నడవమన్నాడని ప్రతి ఆదివారం చెప్పుకునే సమాజం, దాచడానికి ఆ దేవుడి పేరునే వాడుకోవడం.

భారతదేశంలోని క్రైస్తవులకు ఈ మౌనానికి మరొక కారణం కూడా ఉంది. దానిని తేలికగా కొట్టిపారేయడం అన్యాయమవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం వారు దేశ జనాభాలో 2.3 శాతం. 1999లో ఒడిశాలో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను వాహనంలోనే తగులబెట్టిన సంగతి వారు మరచిపోలేదు. 2008లో కంధమాల్ కాలింది. 2023లో మణిపుర్‌లో చర్చిలు కూలాయి. పలు రాష్ట్రాల్లో మతాంతరీకరణ నిరోధక చట్టాలు ప్రార్థన కూటాన్ని పోలీసు కేసుగా మార్చగల స్థితి ఉంది. ఇటువంటి వాతావరణంలో ఒక పాస్టరు తప్పు బయటపడితే అది ఆ పాస్టరుతో ఆగదు. ఊరిలోని ప్రతి విశ్వాసి మీదికీ వచ్చిపడుతుంది. మన చేతులతో మనమే శత్రువుకు కర్ర అందించాలా అని సంఘపెద్ద అడిగే ప్రశ్నలో భయం నిజమైనదే. భయం నిజమైనంత మాత్రాన దాని నుంచి తీసే నిర్ణయం సరైనది కాబోదు. ఈ మౌనం ఎవరిని కాపాడింది, ఎవరిని దెబ్బతీసింది అని లెక్క చూడాలి. ఆ లెక్క సుప్రీంకోర్టు తీర్పులలో నమోదై ఉంది.

1980లలో మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే దళిత క్రైస్తవుడు కోర్టుకెక్కాడు. వీధుల్లో పనిచేసే చర్మకారులకు ఉచితంగా బంకులు ఇచ్చే ప్రభుత్వ పథకం ఒకటి వచ్చింది. పక్కనే కూర్చుని అదే పని చేసే హిందువుకు బంకు వచ్చింది, ఇతనికి రాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. ఆ ఉత్తర్వులో మొదట హిందువులకే చోటుండేది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులూ ముస్లిములూ నేటికీ బయటే ఉన్నారు. 1985లో సుప్రీంకోర్టు సూసై పిటిషన్‌ను కొట్టివేసింది. మతం మారిన తరువాత కూడా కులం కొనసాగుతున్నదని చెబితే చాలదనీ, ఆ కులం వల్ల కలిగే అవమానాలూ అశక్తతలూ కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉన్నాయని ప్రామాణికమైన అధ్యయనాలతో చూపాలనీ న్యాయస్థానం అంది. అటువంటి ఆధారాలు తన ముందు లేవంది.

ఆధారాలు ఎందుకు లేవు? వివక్ష లేకనా? తిరుచిరాపల్లిలోని మేలపుదూరు కేథలిక్ శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేస్తూ గోడ ఉందన్నది బహిరంగ రహస్యం. తెలుగు నేలపై దృష్టాంతాలకు దూరం వెళ్లనక్కర లేదు. 1878 జూలైలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ నాయకత్వంలో ఒంగోలు ప్రాంతంలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. తమను మనుషులుగా చూసే చోటు కోసం వచ్చినవారు. వారి మునిమనవల కాలానికి కూడా పల్లెల్లో మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు అన్న మాట వినిపిస్తూనే ఉంది. పెళ్లి ప్రకటనల్లో క్రిస్టియన్ అన్న పదం పక్కనే కులం పేరు తప్పక ఉంటుంది. ఇవన్నీ అందరికీ తెలుసు. అయినా సంఘం తన గురించి తాను చెప్పుకునే అధికారిక వాక్యం ఒక్కటే: క్రీస్తులో కులం లేదు. ఆదర్శంగా అది గొప్ప వాక్యం. ఉన్న స్థితికి వర్ణనగా అది కప్పు మాత్రమే.

ఆ కప్పు ఖరీదు ఎంతో సూసైకి తెలుసు. చర్చిలో కులం లేదని మతపెద్దలు ప్రకటించినంత కాలం, దళిత క్రైస్తవుడు తన అవమానానికి రుజువు తెచ్చుకోలేడు. 2022లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు సమర్పించిన ప్రమాణపత్రంలో, క్రైస్తవ, ఇస్లామిక సమాజాలలో అటువంటి అణచివేత ఉన్నట్టు చరిత్ర చూపడం లేదన్న వాదన వినిపించింది. అన్ని విషయాల్లో ఎదురుబొదురుగా నిలిచే ప్రభుత్వమూ, చర్చి పెద్దలూ ఈ ఒక్క మాట దగ్గర ఒకే గొంతుతో మాట్లాడటం ఎంత వింత! ఇద్దరి మధ్య నలిగినది రోడ్డు పక్క చెప్పులు కుట్టేవాడు.

ఈ మౌనంలో కొన్ని బీటలు పడ్డాయి. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు ఆర్చిబిషప్‌గా, ఆ హోదా పొందిన తొలి దళితుడయ్యారు. 2022 ఆగస్టులో ఆంథోనీ పూల తొలి దళిత కార్డినల్ అయ్యారు. 2016లో భారత కేథలిక్ బిషప్పుల సదస్సు దళిత సాధికారత విధానాన్ని ప్రకటిస్తూ, చర్చిలో వివక్ష ఉన్నదని లిఖితపూర్వకంగా అంగీకరించింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డు కుల హోదాను మతంతో ముడిపెట్టరాదని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఈ అడుగులన్నిటిలోనూ దళిత క్రైస్తవులకు నిజమైన బలాన్నిచ్చేది ఆ 2016 నాటి ఒప్పుకోలు. తన తప్పును తాను రాసి ఇచ్చిన సంఘం, తన బలహీనులకు ఒక సాక్ష్యపత్రాన్ని ఇచ్చింది. ఆ ఒప్పుకోలు ముప్పై ఏళ్ల ముందే వచ్చి ఉంటే సూసై పిటిషన్ మరోలా నడిచేదేమోనన్న ఊహ అసంబద్ధం కాదు.

అయితే ఒప్పుకోలు అనగానే మరొక ప్రమాదం ఎదురవుతుంది. 2018లో కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సిరియన్ చర్చికి చెందిన కొందరు పాదిరులపై ఒక తీవ్రమైన ఆరోపణ వచ్చింది. ఒక మహిళ పాపసంకీర్తనంలో చెప్పుకున్న రహస్యాన్నే ఆయుధంగా చేసుకుని ఆమెను బెదిరించి లొంగదీసుకున్నారన్నది దాని సారాంశం. పోలీసులు నలుగురిపై కేసు పెట్టారు. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానాలు. కాని ఆ ఆరోపణ ఎత్తిచూపిన లోపం స్పష్టం: ఒకరి రహస్యం మరొకరి చేతిలో అధికారమవుతుంది. విన్నవాడు జవాబుదారీ లేనివాడైతే ఒప్పుకోలు కూడా సంకెలగా మారగలదు. నాటి జాతీయ మహిళా కమిషన్ అధ్యక్షురాలు రేఖా శర్మ ఏకంగా పాపసంకీర్తనాన్నే రద్దు చేయాలని సిఫారసు చేశారు. బిషప్పులు మండిపడ్డారు. కేంద్రమంత్రి అల్ఫోన్స్ కన్నంథానం అది ప్రభుత్వ వైఖరి కాదన్నారు. చర్చ మతస్వేచ్ఛ చుట్టూ తిరిగి, ఆ తరువాత చల్లారింది. ఒక సంప్రదాయాన్ని రద్దు చేయమనడం రాజ్యం పరిధి దాటిన సూచన. దానికి అభ్యంతరం చెప్పడం సబబే. అయినా అభ్యంతరం చెప్పడంలో చూపిన వేగంలో సగమైనా, విశ్వాసి రహస్యానికి రక్షణ ఎలా అన్న ప్రశ్న మీద చూపించి ఉంటే ఆ వివాదం నుంచి కొంత మేలు జరిగేది.

ఈ సంఘటనలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. దాచిన పాపం అంటే ఎవరికీ తెలియని పాపం కాదు. అట్లాంటాలో కొందరికి తెలుసు, ఇంగ్లండు శిబిరాల పెద్దలకు తెలుసు, శ్మశానపు గోడ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసినవారికి చెప్పే అధికారం లేదు, చెప్పగలవారికి చెప్పవలసిన అవసరం లేదు. ఆ రెండింటి మధ్య ఖాళీలోనే పాపం ఇల్లు కట్టుకుంటుంది. అందువల్ల దీనికి మందు హృదయశుద్ధి ఒక్కటే అని సరిపెట్టుకోవడం కుదరదు. జకారియాస్ హృదయశుద్ధి గురించి అద్భుతంగా ప్రసంగించగలడు. ఆయనకు లేనిదల్లా, తలుపు తట్టి లెక్క అడగగల ఒక బయటి మనిషి.

తెలుగు రాష్ట్రాల్లో గత కొన్ని దశాబ్దాలలో పుట్టిన స్వతంత్ర సంఘాలలో ఈ బయటి మనిషికి చోటు మరీ తక్కువ. తండ్రి స్థాపించిన పరిచర్య కొడుకు చేతికి, కోడలి పాటల పరిచర్యకు, అల్లుడి టీవీ కార్యక్రమానికి వారసత్వంగా సాగుతుంది. ట్రస్టు సభ్యులు కుటుంబ సభ్యులే. కానుకల లెక్క విశ్వాసులు అడగరు. అడగడం అభిషిక్తుని మీద చెయ్యెత్తడంతో సమానమని వారికి నేర్పారు. వీరిలో నిజాయితీగా, అరకొర ఆదాయంతో, ఎండలో వానలో పల్లెలు తిరిగే పాస్టర్లు ఎందరో ఉన్నారు. ఒక పెద్ద పరిచర్యలోని రహస్యం బద్దలైన రోజున ఊళ్లో తలదించుకోవలసి వచ్చేది వీరే. 2013 నాటి చట్టం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలంటోంది. కుటుంబానికి సంబంధం లేని వ్యక్తుల చేత లెక్కల తనిఖీ, బయటి సభ్యులున్న పాలకమండలి, ఫిర్యాదు చేసినవారి నోరు కట్టే ఒప్పందాలకు స్వస్తి. ఇవి విశ్వాసానికి విరుద్ధమైన లౌకిక నియమాలని వాదించేవారికి వారి గ్రంథమే జవాబు చెబుతుంది. దావీదు పాపాన్ని బయటపెట్టింది దావీదు అంతరాత్మ కాదు. రాజు ముందు నిలబడి, ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ దోషివి నీవేనని వేలెత్తి చూపిన నాతాను. నాతాను రాజు జీతగాడైనంత మాత్రాన మౌనం వహించి ఉంటే, ఆ కథలో పశ్చాత్తాపమన్న ఘట్టమే ఉండేది కాదు.

పశ్చాత్తాపం అన్న మాటను కూడా కొంత విడమరచుకోవలసి ఉంది. ఇటీవలి కాలంలో అది తేలికైన మాటైపోయింది. పట్టుబడిన నాయకుడు వేదికెక్కి కన్నీళ్లు పెట్టుకుంటాడు. తానొక బలహీన పాత్రనని అంటాడు. సభ అంతా చేతులెత్తి క్షమించేస్తుంది. దెబ్బ తిన్న మనిషి ఆ సభలో ఉండదు. క్షమించే హక్కు ఎవరికుందో వారిని ఎవరూ అడగరు. కొన్ని నెలల విరామం తరువాత ఆయన తిరిగి పీఠమెక్కుతాడు, పునరుద్ధరణ అనే కొత్త సాక్ష్యంతో.

లూకా సువార్తలోని జక్కయ్య కథ దీనికి పూర్తిగా భిన్నం. యెరికోలో సుంకం వసూలుదారుల పెద్దగా ఉండి, ప్రజలను పీడించి ధనవంతుడైన మనిషి. యేసు తన ఇంటికి వచ్చిన రోజున అతడు లేచి నిలబడి తన ఆస్తిలో సగం పేదలకు ఇస్తాననీ, అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నదైనా నాలుగింతలు తిరిగి చెల్లిస్తాననీ ప్రకటించాడు. ఆ పశ్చాత్తాపంలో కన్నీటి ప్రస్తావన లేదు. అంకెలున్నాయి. ఒక సగం, ఒక నాలుగింతలు. పదిమంది ముందు, పైకి వినబడేలా, అన్యాయానికి గురైనవారిని ఉద్దేశించి పలికిన మాట అది. దాని ఫలితం కూడా అంతే స్పష్టం. ఆ మరునాటి ఉదయం యెరికోలోని ఏ నిరుపేదకైనా జక్కయ్య గుమ్మం ముందు నిలబడి, నాకు ఇంత రావాలి అని అడిగే హక్కు వచ్చింది.